మూల తెగిన చేను

జూన్ 8, ఆదివారం

ఉక్క. మధ్యాహ్నం విస్సన్నపేట వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది గాని నాలుగు చినుకులు కూడా రాల్చలేదు. పొద్దున్నే బెండకాయలు కోసి మార్కెట్లో అమ్ముకుని వచ్చాను. తోటకూర మళ్ళకు నీళ్ళు కట్టాను. గేదెకు దాణా కలిపేసరికి అన్నయ్యా అక్కా వచ్చారు. సుబ్బాయమ్మ వదిన అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది.

అమ్మ సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఇక చేను సంగతి తేల్చాలట. అమ్మేద్దామంటాడు అన్నయ్య. ప్లాట్లు వేసేవాళ్ళెవరో ఉన్నారట, మొత్తం చేను ఒక్కసారిగా ఇస్తేనే కొంటారట. నేను అమ్మనన్నాను. మా ఆయన పోయి నేను అమ్మ దగ్గరికి వచ్చేసిన నాటి నుంచి ఆ చేనే నాకు తిండి పెడుతోంది. అది పోతే నేను కూలికి పోవాలి. ఈ మాట వాళ్ళతో అనలేదు.

"అయితే పంచు," అన్నాడు అన్నయ్య.

తంటా అంతా పంచడం దగ్గరే. నాన్న కొన్నప్పుడు నాలుగెకరాలు, గీత గీసినట్టు నలుచదరం. తరవాత ఈశాన్యపు మూల ఎకరం కరెంటు సబ్‌స్టేషన్‌కి పోయింది. మిగిలినవి మూడెకరాలు, మూల తుంచేసిన మినపరొట్టె లాగ. ఉత్తరాన రోడ్డు ఉంది గాని అది తగిలేది వాయవ్యపు ఎకరానికే. పడమరా దక్షిణమూ బండ్లు నడిచే డొంక. బోరు సబ్‌స్టేషన్ ప్రహరీ మూలకి ఆనుకుని ఉంది, అంటే చేనుకి నడుమన. మేం నలుగురం: గిరిబాబు అన్నయ్య, గీతాంజలి అక్క, పోయిన చిన్నన్నయ్య వాటాకి వదిన, నేను.

మా వైపు చేను పంచడమంటే రోడ్డు నుంచి వెనక్కి పట్టీలుగా కోయడమే. ఈ చేనుకి అది కుదరదు.

"సబ్‌స్టేషన్ వెనకాల పట్టీ నాకే అంటగడతారు," అంది అక్క. "చిన్నప్పుడు గారె విరిచినా మాడిన ముక్క నాకే వచ్చేది."

"మాడిందే ఇష్టమనేదానివి."

"నేనన్నానా? మీరన్నారు, నేను తిన్నాను."

అన్నయ్యకి విసుగొచ్చింది. నా వైపు తిరిగాడు. "సౌజన్యా, నువ్వే కోసి చూపించవే. నాలుగు ముక్కలూ ఒకే కొలత, ఒకే తీరు. ఒకదాని మీద ఒకటి పెడితే అంచు బయటికి రాకూడదు. అట్లా కోశావా, నోరెత్తకుండా సంతకం పెడతా. ఆషాఢం వచ్చేలోపు. చేతకాలేదనుకో, అమ్మకానికి నువ్వు సంతకం పెట్టాలి."

"సరే," అన్నాను.

"పంచినవాళ్ళు ఆఖరున తీసుకోవాలి," అంది వదిన. అంతసేపూ ఆమె మాట్లాడింది అదొక్కటే. అది మా ఇళ్ళలో ఉన్న పద్ధతే. కోసే చెయ్యి ముందుగా ఎంచుకోకూడదు.

ఇరవై రెండో తారీకు ఆదివారం మళ్ళీ వస్తామని వెళ్ళారు. మూడెకరాలు నలుగురికి. తలా డెబ్బై ఐదు సెంట్లు. రేపు అన్నం ఉడికేలోపు తేలిపోతుంది.

జూన్ 9, సోమవారం

తెల్లారగట్ల వాన పడింది, దుమ్ము అణిగే పాటి. వంగనారు పోయడానికి మడి చేశాను.

అన్నం ఉడికింది, తిన్నాను, గిన్నెలు తోమాను. తేలలేదు.

వసారాలో ముగ్గుపిండితో చేను గీశాను. మూడు చదరాలు, ఒక్కొక్కటి ఎకరం. ఒక్కో చదరం నుంచి పాతిక సెంట్ల పట్టీ తీసేస్తే మూడు ముక్కలు అచ్చు ఒకేలా వస్తాయి. నాలుగో వాటా మాత్రం మూడు పట్టీలుగా మూడు చోట్ల పడుతుంది. కొలత సరే, తీరు సరిగ్గా లేదు. పట్టీలు ఎటు తిప్పినా అంతే. అడ్డంగా తీశాను, నిలువుగా తీశాను. పిండి అయిపోయింది.

ముక్క ఏదైనా నాకు ఒకటే. తీరు కుదిరితే చాలు.

జూన్ 10, మంగళవారం

కాలేదు. నారు పోశాను.

జూన్ 11, బుధవారం

సర్వేయర్ సలావుద్దీన్ గారు మార్కెట్లో కనిపిస్తే ఆపాను. సబ్‌స్టేషన్‌కి కొలిచింది ఆయనే. చేను ఆయనకి అరచేతిలో గీతలంత తెలుసు. టీ తాగుతూ విన్నారు.

"మూడు ముక్కలంటే సాయంత్రానికి రాళ్ళు పాతేస్తానమ్మా. నాలుగంటే మీ అన్నయ్యని ఒక చెల్లెల్ని తగ్గించుకోమను."

"ఏ చెల్లెల్ని?"

"అది నన్నడగొద్దు. నేను హద్దులే చూస్తాను, మనుషుల్ని చూడను."

కొలత సమానంగా వస్తే కోర్టు కూడా ఒప్పుకుంటుందనీ, తీరు కూడా ఒకటే కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదనీ చెప్పారు. అన్నయ్య కుదరని పని అని తెలిసే పెట్టాడని ఆయన ఉద్దేశం. నాకూ అదే అనిపించింది. అనిపించిన దగ్గర నుంచి వదలబుద్ధి కావడం లేదు.

టీ డబ్బులు ఆయనే ఇచ్చారు.

జూన్ 12, గురువారం

ఇవాళ దాని జోలికి పోకూడదనుకున్నాను. అట్టు పోసి మూల తుంచాను. అట్టు గుండ్రంగా ఉంటుంది, దానికి మూల ఏముంది. అయినా తుంచాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

జూన్ 14, శనివారం

ఎండ. బెండ రెండో కోత. పురుగు పట్టినవి గేదెకు వేశాను.

పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి చూస్తున్నాను. పిండి అయితే చెరిపితే పోతుంది, అట్ట అయితే తిప్పి చూడవచ్చు. ఐమూలగా కోశాను. రెండు ముక్కలు ఒకటే వచ్చాయి. మిగతా రెండూ వాటిలో అవి ఒకటే. అంటే రెండు రకాలు. మొదటి రెండూ తలా అర ఎకరం దాటలేదు. ఒక గంటసేపు మాత్రం కుదిరిందనే అనుకున్నాను. కుదిరిందనుకున్న ఆ గంటా బాగుంది.

వదిన కరివేపాకు కోసమని వచ్చింది. వసారా నిండా అట్టముక్కలు చూసి గుమ్మంలోనే నిలబడింది.

"ఏంటే ఇది, బొమ్మరిల్లా?"

"చేను."

"చేను ఇంత తేలిగ్గా ఉంటే చంకన పెట్టుకుని పోదును." ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పింది. "ఇందులో బోరేది?"

బోరు గుర్తు ప్రతి అట్ట మీదా పెట్టాను, చుక్కలాగ. చూపించాను. ఆమె ఆ చుక్క వైపు చూసి ముక్క కింద పెట్టేసింది.

"నువ్వు ఎటు కోసినా బోరు దగ్గర నుంచే మొదలుపెట్టావు సౌజన్యా."

"అది నడుమన ఉంది కాబట్టి."

"అవునులే."

కరివేపాకు తీసుకుని వెళ్ళింది. ఎక్కడో ఒక చోట నుంచి మొదలుపెట్టాలి గదా. బోరు దగ్గరి ముక్కే కావాలని నాకేమీ లేదు.

జూన్ 15, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. ఏమైందంది. అవుతోందన్నాను. "అన్నయ్య అప్పుడే ప్లాట్లవాళ్ళకి మాటిచ్చేశాడే," అంది. "నీ మొండితనం నాన్నది. నాన్న కూడా ఇలాగే, మోటారు విప్పి మళ్ళీ బిగించినవాడు కాదు."

నాన్న విప్పిన మోటారు మళ్ళీ బిగించాడు. రెండు మరలు మిగిలాయి, అంతే. అది అక్కకి గుర్తు లేదు.

వదిలేస్తున్నాను. నలుగురికి ఒకే తీరు ముక్కలు ఇందులో లేవు.

సాయంత్రం: లేవని తేల్చుకోవడానికి ఒక్కసారి చూద్దామని గీశాను. లేవని కూడా తేలలేదు.

జూన్ 17, మంగళవారం

వచ్చింది.

ఎలా వచ్చిందో వరసగా రాసుకోవాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మార్కెట్లో నేను కూర్చునే చోట కొళాయి దిమ్మ ఉంది. దిమ్మ ఒక మూల, మిగతా మూడు వైపులా మేం ముగ్గురం గోనెపట్టాలు పరుచుకుని కూర్చుంటాం. నా పక్కన దోసకాయల జైతున్‌బీ, ఆమె అవతల గోంగూర అమ్మే, నెమలి ఊరి నుంచి వచ్చే ఆవిడ. ఇవాళ ఆలస్యంగా ఒకామె మునగకాయల కట్టతో వచ్చింది. ఎ.కొండూరు నుంచి మొదటి ఆటో దొరకలేదట. చోటు లేదు. నేను జరగనన్నాను. నేను జరిగితే నా బెండకాయలు దారిలో పడతాయి.

"నిన్నెవరు జరగమన్నారే?" అంది జైతున్‌బీ. "మూల మడువు. నేనూ మడుస్తా, ఆమే మడుస్తుంది. మునక్కాయలకి ఎంత చోటు కావాలి, అవేమన్నా పడుకుంటాయా?"

"పడుకునే ఉంటాయి గదా," అంది నెమలి ఆవిడ.

"అయితే కాళ్ళు ముడుచుకుంటాయిలే. మడువమ్మా."

దిమ్మ దగ్గర మా మూడు పట్టాలూ కలిసే చోట తలా ఒక మూల చదరపు గడిలాగ లోపలికి మడిచాం. ఆమె ఆ నడుమ కట్ట విప్పింది. నేను బేరం చూసుకుంటూ జైతున్‌బీ పట్టా వైపు చూశాను. మూల మడిచిన నలుచదరం. అచ్చం మా చేను. నాది చూసుకున్నాను. మా చేను. నెమలి ఆవిడది, అదే. మునగకాయల ఆవిడ కూర్చున్న చోటు చూశాను. దిమ్మ చుట్టూ మూడు మూలలు కలిసి, అది కూడా అదే.

ఎవరో బెండకాయలు ఎంతని అడిగారు. నేను చెప్పలేదట. జైతున్‌బీ చెప్పి అమ్మేసింది, రేటు తగ్గించి.

ఇంటికొచ్చి గీశాను. మూడు చదరాలు. ఒక్కో ఎకరాన్ని నాలుగు పాతిక సెంట్ల గళ్ళు చేసి, సబ్‌స్టేషన్ మూల వైపు ఉన్న గడి మాత్రమే తీశాను. పట్టీ కాదు, మూల. ముగ్గురికీ మూడేసి గళ్ళు మిగిలాయి. తీసిన మూడు గళ్ళూ బోరు చుట్టూ ఒక్కచోటే కలుసుకుని ఉన్నాయి. నాలుగూ ఒకటే కొలత, ఒకటే తీరు. నాలుగూ మా చేనే, చిన్నదిగా. కత్తిరించి ఒకదాని మీద ఒకటి పెట్టాను. అంచు బయటికి రాలేదు.

ఇంత సులువు. ఇన్నాళ్ళూ చేసిన తప్పు ఒకటే. చేను అనగానే చెయ్యి దానంతటదే పట్టీ గీసింది.

నవ్వొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి కాసేపు నవ్వాను. పప్పుచారు పెట్టుకుని రెండు సార్లు వడ్డించుకుని తిన్నాను.

జూన్ 18, బుధవారం

మబ్బు. పొద్దున సలావుద్దీన్ గారిని చేలోకి తీసుకెళ్ళాను. అట్టముక్కలు ఇచ్చాను. నాలుగూ పేర్చి, తిప్పి, మళ్ళీ పేర్చారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది నాకెందుకు తట్టలేదమ్మా?"

"నాకూ తట్టలేదు. ముగ్గురు మడిచి చూపించారు."

ఆయనకి అర్థం కాలేదు. టేపు పట్టి గుర్తుకి పుల్లలు పాతుతూ పోయాం. నడిమి ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

"దీనికి దారేదమ్మా?"

చూశాను. వాయవ్యపు ముక్కకి రోడ్డు ఉంది. నైరుతి ముక్కకి రెండు వైపులా డొంక. ఆగ్నేయపు ముక్కకి దక్షిణం డొంక. నడిమి దానికి ఒక పక్క సబ్‌స్టేషన్ గోడ, మిగతా అంతా వాటాదారులు. నీళ్ళున్న ముక్కకి దారి లేదు. దారులున్న మూడింటికీ నీళ్ళు లేవు.

అన్నయ్య దారి సంగతి అడగలేదు. కొలత, తీరు అన్నాడు, అంతే. ఆయన పెట్టిన పని నేను చేశాను.

సలావుద్దీన్ గారు పుల్లలు అలాగే ఉంచి వెళ్ళారు.

జూన్ 19, గురువారం

దారి లేని ముక్క ఎవరూ తీసుకోరు. ఆఖరున నాకే మిగులుతుంది. మిగిలితే తీసుకోవాలి, పద్ధతి అది. ఆ ముక్కకు గట్టు మీద నడిచినా చాలు. తట్ట నెత్తిన పెట్టుకుని పోయేదాన్ని నాకు బండి దారి ఎందుకు.

ఏ ముక్క అయినా ఒకటే అని ఇంతకు ముందే రాశాను. ఇప్పుడూ అదే.

జూన్ 20, శుక్రవారం

మంచి వాన. వంగనారు మొలిచింది. నారు మడి నడిమి ముక్కలోనే ఉంది. పుల్లలు పాతాక చూసుకున్నాను.

జూన్ 22, ఆదివారం

వాన తెరిపిచ్చింది. ముగ్గురూ వచ్చారు. సలావుద్దీన్ గారిని కూడా రమ్మన్నాను.

అన్నయ్య అట్టముక్కలు చేతిలోకి తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టాడు. అంచులు గోటితో తడిమాడు. విడదీసి చేను ఆకారంలో పేర్చడానికి చూస్తే రాలేదు. నేను చెయ్యి వేయలేదు. అక్క వంగి, "అది తిప్పు, అటు కాదు, ఇటు," అంటూ తనే పేర్చింది. పేర్చి నా వైపు చూసింది.

"నువ్వే చేశావా?"

"ఆఁ."

అన్నయ్య జేబులోంచి ఫోన్ తీసి మళ్ళీ పెట్టేసుకున్నాడు. "ప్లాట్లవాళ్ళకి ఏం చెప్పాలే ఇప్పుడు," అన్నాడు చివరికి. అది నన్ను అడిగిన మాట కాదు.

"నోరెత్తనన్నావు," అంది అక్క.

"ఎత్తానా?"

పెద్దవాడు కాబట్టి ముందు ఆయన. రోడ్డు ముక్క మీద చెయ్యి పెట్టాడు. అనుకున్నదే. తరవాత అక్క ఆగ్నేయం వైపుది తీసుకుంది. ఎందుకని ఎవరూ అడగకపోయినా, "సబ్‌స్టేషన్ వెనకాలదే, మాడిన ముక్కే, నాకు అలవాటైంది," అంది. అన్నయ్య కూడా నవ్వాడు.

మిగిలినవి రెండు. డొంక మూల నైరుతిది, దారి లేని నడిమిది. వదిన వంతు. నేను అరుగు కింద కోళ్ళ వైపు చూస్తున్నాను.

వదిన నడిమి ముక్క మీద వేలు పెట్టింది.

"దానికి దారి లేదు వదినా," అన్నాను.

"తెలుసు."

"గాల్లోంచి పోతావా?" అంది అక్క.

"మూడు ముక్కల్లో నీళ్ళు లేవు. దారంటే ఎవరి కాళ్ళయినా పట్టుకుని తెచ్చుకోవచ్చు. నీళ్ళు ఎవరి కాళ్ళు పట్టుకుంటే వస్తాయి?" వేలు తీయలేదు. "ఇదే తీసుకుంటా."

నాకు నైరుతి మూల మిగిలింది. డెబ్బై ఐదు సెంట్లు, రెండు వైపులా డొంక, చుక్క నీళ్ళు లేవు.

ఒకటే అని రాసుకున్నాను. ఒకటే కాదు. ఇవాళ పొద్దున్నుంచే కాదు, మొదటి రోజు నుంచీ నాకు ఒకటే కాదు.

సలావుద్దీన్ గారు ఒప్పంద కాయితం తీశారు. అన్నయ్య పెట్టాడు, అక్క పెట్టింది, వదిన పెట్టింది. కలం నా దగ్గరికి వచ్చింది.

"నేను పెట్టను," అన్నాను.

అన్నయ్య ముందుకు జరిగాడు. "చూశావా! అయితే అమ్మకమే."

"అమ్మకం కాదు. ఈ ముక్క నేను కాదనను. వదినకి దారి ఎటు నుంచో కాయితంలో రాయాలి. నా ముక్కకి నీళ్ళు ఎక్కడి నుంచో కూడా రాయాలి. రెండూ రాశాక పెడతాను."

"వదినా మరదళ్ళు నోటిమాటగా సర్దుకోలేరా?"

"సర్దుకోం," అన్నాను.

"సర్దుకోం," అంది వదిన కూడా. కోపంగానే అంది.

తరవాత మధ్యాహ్నం దాకా బేరం. అన్నయ్య బస్సు వెళ్ళిపోయింది. నా తూర్పు గట్టు వెంట మూడు గజాల దారి అడిగింది వదిన. రెండన్నాను. గేదె పట్టదంది. నీకు గేదె ఏదన్నాను. కొంటానంది. మూడు గజాలు ఇచ్చాను. నీళ్ళు వారానికి రెండు పూటలంది. మూడన్నాను. మోటారు కాలితే సగం ఖర్చు నాదంది. ఒప్పుకున్నాను. నారుమడిలో ఉన్న వంగనారు నాదేనన్నాను.

"నీ నారు పీక్కుపో, నా మడి నాకిచ్చేయి," అంది.

"పీకే ఈడు రాలేదు. ఇంకో మూడు వారాలు."

"మూడు వారాలు నీళ్ళు నేనే పెట్టాలా?"

"పెట్టు."

పెడతానంది. అది కాయితంలో రాయలేదు. మిగతావి సలావుద్దీన్ గారు రాశారు. చదివి వినిపించమన్నాను. చదివారు. సంతకం పెట్టాను. ఆ తరవాతే అన్నం వండాను. ముగ్గురూ ఇక్కడే పడుకున్నారు, సలావుద్దీన్ గారు ఇంటికి వెళ్ళారు.

జూన్ 23, సోమవారం

తెల్లవారేసరికి ఎండ. పొద్దుటే హద్దు రాళ్ళు పాతారు. నేల తడిగా ఉండి గునపం తేలిగ్గా దిగింది. బోరు దగ్గరున్న గేదె పాకని నైరుతి మూలకి మార్చుకోవాలి. రేపు తాటికమ్మలకి చెప్పాలి.

పది గంటల బస్సుకి అన్నయ్య విజయవాడ వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనం చేసి అక్క ఖమ్మం బస్సెక్కింది. వదిన తన ముక్క అంతా ఒకసారి తిరిగి, నారుమడికి నీళ్ళు కట్టి, పొద్దుగూకే ముందు నా గట్టు మీదుగా వెళ్ళింది.